చెత్త ఎవరు తీయాలి? (టీకా తాత్పర్య సహితం)

అవతారిక: వేగంగా నడిచే సాఫ్ట్‌వేర్ రాయబూనిన శిష్యుడొకడు, ఆఫీసులో తలా ఒక భాష పేరు చెప్పగా దిక్కుతోచక గురువును ఇట్లు అడుగుచున్నాడు.

ఆ. సీకి వేగమెక్కు; చెత్త నీదె యనిరి;
గోకు చెత్త తీయు కూలి గలదు;
రస్టు చెత్తవేయ రానీయ దెవ్వని;
దేని గొనగవలయు? తెలుపుమయ్య!

ప్రతిపదార్థం: సీకి = బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేసిన సీ భాషకు; వేగము = పరుగు; ఎక్కు = హెచ్చును; చెత్త = ప్రోగ్రాం వాడుకుని వదిలేసిన మెమరీ; నీదె = తీసే పూచీ నీదే; అనిరి = మాల్లాక్ రాసిన చేతితోనే ఫ్రీ కూడా రాయమని పెద్దలు పలికిరి; గోకు = గూగుల్ 2009లో బయటపెట్టిన గో భాషకు; కూలి = గార్బేజ్ కలెక్టర్; కలదు = ఉన్నాడు, ఊరికే చేస్తాడని అనుకోవద్దు; రస్టు = 2015లో 1.0గా వెలువడిన రస్ట్; రానీయదు = కంపైల్ కానివ్వదు; ఎవ్వని = ఇరవయ్యేళ్ల అనుభవజ్ఞుణ్ణయినా; తక్కినది స్పష్టం.

తాత్పర్యం: మెమరీని ఎవరు వెనక్కివ్వాలన్నదే తగువు. సీలో ఆ పని మనిషిది, గోలో నడుస్తున్న ప్రోగ్రాం వెంట ఉండే రన్‌టైముది. రస్ట్‌లో కంపైలర్ ముందే తేల్చిపెడుతుంది.

విశేషాలు: సీ ప్లస్ ప్లస్ పద్యంలో లేదేమని ఆక్షేపణ. ప్రమాణ గ్రంథమే వెయ్యి పుటలు దాటిన భాషను ఆటవెలదిలో ఇరికించబోవడం సాహసమని సమాధానం.

మొదటి పాదంలో 'నీదె' అన్నది తేలికగా తీసుకోరాదు. తాను ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. అవి సీలోనూ, పద్యంలో చోటు దక్కని దాని తమ్ముడిలోనూ రాసిన కోడ్‌లోవి.

రెండో పాదంలోని కూలికి చాట్ యాప్ డిస్కార్డ్ కథ నిదర్శనం. ఎవరు ఏ సందేశం వరకు చదివారో గుర్తుంచుకునే సర్వీసును వాళ్లు గోలో రాశారు. అందులో పెద్ద క్యాషే ఉంది, చెత్త మాత్రం తక్కువ. అయినా కూలి కనీసం 2 నిమిషాలకోసారి వచ్చి, ఏమైనా దొరుకుతుందేమోనని క్యాషే అంతా తిరగేసేవాడు. ఆ క్షణాన జవాబులు ఆలస్యమయ్యేవి. చివరికి దాన్ని రస్ట్‌లో తిరగరాశామని 2020లో చెప్పారు.

మూడో పాదంలో అతిశయోక్తి అలంకారం. రిఫరెన్స్ కౌంట్లు వలయంగా చుట్టుకుంటే రస్ట్‌లోనూ మెమరీ చెత్తగా మిగులుతుంది, కంపైలర్ కిమ్మనదు. అన్‌సేఫ్ అనే పెరటి తలుపు సరేసరి.

ఇంతమాత్రాన రస్ట్‌కే ఓటు అనే వ్యాఖ్యాతలతో ఏకీభవించలేను. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ను గోలోకి మారుస్తున్నామని 2025లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. వేగం సుమారు 10 రెట్లట. పాత కోడ్ అంతా కూలి ఉన్నాడన్న ధీమాతో, ఒకదాన్నొకటి చూపే డేటాతో రాసినది. రస్ట్‌కు మార్చాలంటే పునాదుల నుంచి మళ్లీ కట్టాలి. ఆ నిర్ణయం నాకు సబబుగానే తోస్తుంది.

నాలుగో పాదంలో శిష్యుడు తాను రాయబోయేదేమిటో చెప్పలేదు. ఇది పద్యంలో పెద్ద లోపం. అతని ప్రోగ్రాం పొద్దస్తమానం డేటాబేస్ జవాబు కోసం కాచుకుని కూర్చునేదయితే, ముందుగా సరిచూడవలసినది క్వెరీ.