ముక్కుదిబ్బడీయము: టీకాతాత్పర్య సహితము

అవతారిక

మొన్నటి ముక్కోటికి ముందు రోజు సాయంత్రం భద్రాచలం కరకట్ట మీద నిలబడి, హంసవాహనం మీద స్వామివారి తెప్పోత్సవం చూశాను. మర్నాడు చీకటితోనే ఉత్తర ద్వార దర్శనానికి మంచులో మళ్ళీ నిలబడ్డాను. పుణ్యం సంగతి పైవాడికి తెలుసు గానీ, వంతెన దాటి సారపాక ఇంటికి చేరేసరికి జలుబు మాత్రం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ముక్కోటి అనే మాటకు పండితులు ఏవేవో అర్థాలు చెబుతారు. ముక్కు, ఓటి, ఉకారసంధి. ఓటికుండలాంటి ముక్కు అని నా వ్యుత్పత్తి. మొదటి రోజు కారడం, రెండో రోజు బిగుసుకోవడం.

భద్రాచలంలో మా మేనమామ ఉన్నాడు. తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాడు. ఫోన్లో నా గొంతు వినగానే, "ఏందిరా, ఎవరు మాట్లాడేది?" అన్నాడు. నేనే మామయ్యా అన్నాను, ఆయన చెవికి "దేదే బాబయ్యా" అని చేరింది. ఆయన మనవరాలు అమెరికాలో ఉంటుంది. అక్కడ జలుబు చేస్తే స్నానాల గదిలో షవర్ కింద ఒక బిళ్ళ పడేస్తారట, అది వేడినీళ్ళకు బుసబుసా పొంగి ఘాటు ఆవిరి కొడుతుందట. "ఇంట్లోనే చేసుకోవచ్చు, ఎట్ల చేయాలో పంపిస్తా" అని, మామూలు మనిషిలా కొలతలు పంపకుండా వాట్సాప్‌లో ఆటవెలది పంపాడు. పద్యం వచ్చాక టీక రాయక తప్పదు. వావిళ్ళవారు మద్రాసులో 1854లో అచ్చుకూటం పెట్టింది మొదలు తెలుగువాడికి ప్రతిపదార్థం చూడనిదే పద్యం మీద నమ్మకం కుదరదు. నేను వావిళ్ళ ప్రతులతో పాటు వావిలాకు ఆవిరితో కూడా పెరిగినవాణ్ణి. ఈ వ్యాఖ్యకు అర్హత అంతే.

మూలము

సోడ రెండు పాళ్ళు చొప్పున, నిమ్ముప్పు
ఒక్క పాలు కలిపి యొత్తి యొత్తి
నీలగిరుల నూనె నెమ్మదిగాఁ జల్ల
ముక్కుదిబ్బడంత పుట్టి మునుగు

టీక

సోడ = వంటసోడా. బజ్జీల పిండిలో చిటికెడు వేసేది. బట్టల సోడా అని అర్థం చెప్పరాదు, చెప్పినచో చర్మమూడును.

రెండు పాళ్ళు చొప్పున = గరిటె కొలతన రెండు వంతులు. ఇక్కడ మా పక్కింటి కెమిస్ట్రీ లెక్చరర్ ఆక్షేపించారు. సోడా అణుభారం 84, నిమ్మ ఉప్పుది 192. మూడు సోడా అణువులకు ఒక నిమ్మ ఉప్పు అణువు కావాలి. అంటే 252 గ్రాములకు 192, సుమారు నాలుగుకు మూడు. రెండుకు ఒకటి వేస్తే సోడా మిగులుతుంది కదా అని ఆయన ప్రశ్న. మిగలనిండు, మోరీ శుభ్రపడుతుంది అని మామయ్య సమాధానం. అదీగాక "నాలుగుకు మూడు" ఆటవెలదిలో ఇమడదు.

నిమ్ముప్పు = నిమ్మ + ఉప్పు, అకారసంధి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అంటే ఇస్తారు. పేరులో రెండు మాటలు, రెండూ అబద్ధమే. అది ఉప్పు కాదు, ఆమ్లం. నిమ్మకాయల నుంచీ రాదు, ఒకప్పుడు వచ్చేది. చక్కెర నీళ్ళలో ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్ల బూజును పెంచితే అది ఈ ఆమ్లాన్ని ఇస్తుందని 1917లో తేలాక ఫ్యాక్టరీలన్నీ బూజునే నమ్ముకున్నాయి. కాబట్టి "నల్లబూజు పులుపు" అనడం శాస్త్రీయం, కానీ ఆ పేరు చెబితే ఏ ఇల్లాలూ ఇంట్లోకి రానివ్వదు.

ఒక్క = పై పాదం చివరి ఉకారానికి ఇక్కడ సంధి చేసి "నిమ్ముప్పొక్క" అనాలి. చేయలేదు. విసంధి దోషం కాదా అంటే, కాదు. ముక్కు మూసుకుపోయినవాడు పాదం చివర ఆగి నోటితో గాలి పీల్చుకోవాలి. ఆ గాలికోసం కవి వదిలిన కిటికీ అది.

ఒత్తి ఒత్తి = ఆమ్రేడితం. ఒకసారి ఒత్తితే చాలదని భావం. ఈ మాట మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. పొడిపిండి బిళ్ళ కట్టాలంటే తడి కావాలి కదా అని, జొన్నపిండి కలిపినట్టు చెంబుతో నీళ్ళు పోశాను. గిన్నెలోంచి బుస్సుమని లేచింది. గిన్నె అంచు దాటి, గట్టు దాటి, స్టవ్ దాకా నురుగు. స్నానాల గదిలో జరగవలసింది వంటింట్లోనే జరిగిపోయింది. సోడా, పులుపు పొడిగా ఉన్నంతసేపు ఒకదాన్నొకటి పట్టించుకోవు. తడి తగిలితే చాలు, బొగ్గుపులుసు వాయువు వదిలి పొంగుతాయి. ఈనో పొట్లం గ్లాసులో చేసేది ఇదే. తర్వాత తెలిసింది: వేళ్ళతో చిలకరించాలి, అదీ నాలుగైదు చుక్కలు. పిండిని గుప్పిట పట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే రాలాలి. సున్నుండల పిండికి నెయ్యి సరిపోయిందో లేదో చూసే పద్ధతే. దాన్ని ఇడ్లీ ప్లేటు గుంటల్లో పోసి గరిటె వెనకభాగంతో ఒత్తి ఒత్తి ఆరబెట్టాను. మరుసటి ఆదివారం ఇడ్లీలు నీలగిరి వాసన కొట్టాయి. ఆ రోజు ఇంట్లో నా మీద జరిగిన వ్యాఖ్యానం ఈ టీకలో చేర్చడం లేదు.

ఇంకో సంగతి. ఈ బిళ్ళలు చలికాలంలో చేయాలి. శ్రావణంలో గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక దగ్గర ఉన్నప్పుడు గాలే సగం నీళ్ళు. బిళ్ళలు వాటంతటవే ఉబ్బి పగులుతాయి. గాలి చొరని డబ్బాలో దాచాలి.

నీలగిరుల నూనె = యూకలిప్టస్ తైలం. మన వైపు ఆ చెట్టును నీలగిరి అంటే ఎవరికీ తెలియదు, జామాయిల్ అనాలి. జామ, ఆయిల్, సవర్ణదీర్ఘసంధి: తెలుగు జామకూ ఇంగ్లీషు ఆయిల్‌కూ సంస్కృత సంధి కుదిరిన పెళ్ళి ఇదొక్కటేనేమో. సారపాకలో 1979 నాటి కాగితం మిల్లు, దాని గుజ్జు కోసం బూర్గంపాడు నుంచి సత్తుపల్లి దాకా జామాయిల్ తోటలు, దేశమంతా పేరుపడ్డ "భద్రాచలం క్లోన్లు". మరి గుమ్మం ముందే ఇంత చెట్టుండగా నూనె సీసా కొనడమెందుకు? మన చెట్టు కర్రకోసం పెంచిన టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ జాతి. మందుల షాపు నూనెకు పేరుపడ్డది గ్లోబ్యులస్, ఊటీ చల్లదనంలో పెరిగేది. మన ఆకును కుండలో మరిగించి దుప్పటి కప్పుకోవచ్చు, మా అమ్మమ్మ వావిలాకు, పసుపుతో కలిపి అదే చేసేది. పిండిలో కలపడానికి మాత్రం నూనె కావాలి. కవి అందుకే ఆకు అనలేదు.

నెమ్మదిగాఁ జల్ల = చుక్కచుక్కగా చల్లగా. గ్లాసెడు పిండికి ఇరవై చుక్కలు. పద్యంలో చోటు చాలక మామయ్య ఫోన్లో చెప్పిన అనుబంధం: కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్), వాము పువ్వు (థైమాల్) సమానంగా ఒక సీసాలో వేసి మూత పెట్టు. వేడి చేయొద్దు, నీళ్ళు పోయొద్దు. మూడూ గట్టివే, కాసేపటికి మూడూ కలిసి నీరుగారతాయి. అమృతధార అనేది ఇదే, నూనెతో పాటు దీన్నీ పిండిలో చల్లాలి. నేను చేసి చూశాను. మూడు పలుకులు ఒకదానికొకటి తగిలిన చోట ముందు చెమట పట్టినట్టు మెరిసింది, తర్వాత అంచులు మెత్తబడ్డాయి, పది నిమిషాల్లో సీసా అడుగున నూనె. ముగ్గురు పండితులు ఒకచోట చేరితే ఇలా కరిగిన దాఖలా లేదు.

ముక్కుదిబ్బడ + అంత = ముక్కు బిగుసుకుపోవడమంతా. చీమిడి అడ్డుపడి ఊపిరాడడం లేదని లోకం అనుకుంటుంది. అసలు కారణం ముక్కు లోపలి గోడల్లోని రక్తనాళాలు ఉబ్బడం, దారి ఇరుకైపోవడం. అందుకే ఎంత చీదినా లాభం ఉండదు.

పుట్టి మునుగు = నాశనమగును, జాతీయం. పుట్టి అనగా గుండ్రటి తెప్ప. గోదావరి మీద ఇక్కడ 1965లో వంతెన పడేదాకా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నీటి మీద పోవలసిందే, కనుక మునగడం అనే మాట ఈ ఊళ్ళో వట్టి అలంకారం కాదు. పుట్టి అనగా ఇరవై తూముల కొలత కూడా. పుట్టెడు దిబ్బడ అని ధ్వని. ఇది శ్లేష. శ్లేషకూ శ్లేష్మానికీ ధాతువు ఒకటే, "శ్లిష్", అంటుకొనుట అని అర్థం. పద్యంలో మొదటిది, పాఠకుడిలో రెండోది ఉన్నప్పుడే రసపుష్టి.

తాత్పర్యము

రెండు పాళ్ళ సోడాలో ఒక పాలు నిమ్మ ఉప్పు కలిపి, నీలగిరి నూనె చల్లి, బిళ్ళలుగా ఒత్తి వాడితే ముక్కుదిబ్బడ పోతుంది.

ఎక్కడ వాడాలి? పద్యంలో స్నానం లేదు, వేడినీళ్ళు లేవు, చేసేవాడూ లేడు. అన్నీ అధ్యాహారం. మనవరాలి దేశంలో షవర్ కింద పాదాల దగ్గర, ధార నేరుగా పడని మూల బిళ్ళ పెడతారట. మనకు బకెట్, చెంబు. బిళ్ళను బకెట్‌లో వేసి తలమీద పోసుకోకూడదు. కళ్ళలో పుదీనా పువ్వు పడితే ఏమవుతుందో ఒక్కసారి చాలు తెలియడానికి. ఓ మూల సత్తు గిన్నెలో బిళ్ళ పెట్టి చెంబుడు వేడినీళ్ళు దాని మీద పోసి, నువ్వు వేరే బకెట్‌తో స్నానం చేయి. నేల మీద నూనె జారుతుంది, చూసి అడుగేయాలి. గ్యాస్ గీజర్ ఉన్న గదిలో ఆవిరి నిలవాలని తలుపు, కిటికీ బిగించుకోవద్దు. అక్కడ పుట్టి మునిగేది దిబ్బడది కాదు.

అధికారి నిర్ణయం కూడా ఇక్కడే చెప్పాలి. రెండేళ్ళలోపు పసివాళ్ళు ఈ పద్యానికి అధికారులు కారు. కర్పూరం, పుదీనా పువ్వు ఘాటు వాళ్ళ ఊపిరికి ప్రమాదం. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలి.

విశేషాంశము

నాన్నగారిది బూర్గంపాడు, అమ్మది భద్రాచలం. మధ్యలో గోదావరి. 1860లో భద్రాచలం నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాలో చేరింది, 1959లో గానీ ఖమ్మం జిల్లాకు రాలేదు. బూర్గంపాడు మాత్రం నిజాందే. ఈ చరిత్ర అంతా మా ఇంట్లో జలుబు చేసినప్పుడు బయటపడేది. నాన్నమ్మ 1920 నుంచి హైదరాబాదులో తయారయ్యే జిందా తిలిస్మాత్ సీసా తీసేది. అమ్మమ్మ అమృతాంజనం డబ్బా తీసేది. ఒకే ముక్కుకు రెండు రాజ్యాలు.

అమ్మమ్మ పక్షాన ఒక్క మాట. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. అంటే తెలుగు సాహిత్యవ్యాసం తలనొప్పిని పుట్టించడానికి ముందే దాని మందు తయారై ఉంది. నాన్నమ్మ పక్షాన కూడా ఒక్క మాట: తిలిస్మాత్‌లో ప్రధానమైనది నీలగిరి నూనే. ఈ పద్యం మూడో పాదం ఆవిడదే.

అలంకారము

దిబ్బడంతా పోతుందన్నాడు కనుక అతిశయోక్తి అని మా లెక్చరర్ గారు. నేను ఒప్పుకోను. పుదీనా పువ్వు ముక్కు దారిని ఒక్క వెంట్రుకవాసి కూడా వెడల్పు చేయదని కొలిచి చూసినవాళ్ళు చెప్పారు. ముక్కులోని నరాల మీద చల్లదనాన్ని పసిగట్టే ద్వారం ఒకటుంది, దాని పేరు టీఆర్‌పీఎం8, 2002లో దొరికింది. స్పర్శ, ఉష్ణ గ్రాహకాల మీద పనికి డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు, ఆ పనిలో ఇదీ ఉంది. పుదీనా పువ్వు ఆ ద్వారం తట్టగానే మెదడు "చల్లగాలి వస్తోంది, దారి తెరుచుకుంది" అనుకుంటుంది. దారి అలాగే ఉంటుంది. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం భ్రాంతిమదలంకారం. ఇక్కడ భ్రాంతి నాయికది కాదు, ముక్కుది. మూసుకున్న పద్యం తెరుచుకున్నట్టు అనిపించేలా చేయడం టీకాకారుల వృత్తి కనుక, ఈ బిళ్ళ మీద నాకు కొంత సానుభూతి ఉంది. పైగా ఆ అనిపించడం వల్లే నేను మూడు రాత్రులు నిద్రపోయాను.

ఛందస్సు, పాఠాంతరము

మొదటి పాదంలో "సో"కు "చొ" మైత్రి, రెండులో "ఒ"కు "ఒ", మూడులో "నీ"కి "నె". బాగానే ఉన్నాయి. నాలుగో పాదంలో "ము"కు "పు" వేశాడు. ఇదేమిటి మామయ్యా అంటే, పు, బు అక్షరాలకు "ము"తో యతి చెల్లుతుందని లక్షణకారులు ఒప్పుకున్నారు కదరా అన్నాడు. అది విభక్తి "ము"కు గదా, ముక్కులో "ము" విభక్తి కాదు కదా అన్నాను. "నీకు జలుబు ఉందా, పోయిందా?" అన్నాడు. ఉందన్నాను. "అయితే పైకి చదువు."

చదివాను. మా ఆవిడ విన్నది విన్నట్టు రాసిన పాఠాంతరం ఇది:

సోడ రెడ్డు పాళ్ళు చొప్పుద, దిబ్బుప్పు
ఒక్క పాలు కలిపి యొత్తి యొత్తి
దీలగిరుల దూదె దెబ్బదిగా జల్ల
బుక్కుదిబ్బడత్త పుట్టి బుదుగు

అనునాసికాలన్నీ ముక్కుగుండా పోయే దారి లేక, మకారం బకారమై, నకారం దకారమై దిగబడ్డాయి. గణాలు చూడండి, ఒక్క మాత్ర చెడలేదు. మూడో పాదంలో "దీ"కి "దె" యతి నిలిచే ఉంది. నాలుగులో "బు"కు "పు": అవి ఒకే వర్గంలో అన్నదమ్ములు, ఏ లక్షణకారుడి అనుమతీ అక్కర్లేదు. కవి ఈ పద్యాన్ని జలుబు చేసినవాడి నోటికే కొలిచి కుట్టాడు. దిబ్బడత్త ఎవరి తరఫు చుట్టమని మా ఆవిడ అడిగింది గానీ, దానికి ఏ నిఘంటువులోనూ జవాబు దొరకలేదు.

బిళ్ళలు వాడుతూనే ఉన్నాను. ఎనిమిదో రోజు పొద్దున పాల గిన్నె పొంగి మాడిన వాసన పడకగది దాకా వచ్చింది. ముక్కు తెరుచుకుందని అలా తెలిసింది. లేచి పద్యం పైకి చదివాను. నాలుగో పాదంలో యతి తప్పింది.