ఒక్కరికి గది ఇవ్వబడదు

డిసెంబరు పడిందంటే హైదరాబాదు కార్లు లంబసింగి దారి పడతాయి. చీకటితోనే లేచి, మఫ్లర్లు చుట్టుకుని, చెరువులవేనం కొండెక్కి, పళ్లు టకటకలాడుతుంటే ఆ టకటకను వీడియో తీసి బంధువులకు పంపుతారు. చలిని డబ్బిచ్చి కొనుక్కునే రోజులొచ్చాక కూడా ఆదిలాబాద్ వాళ్లం ఎగుమతి వ్యాపారం ఎందుకు మొదలుపెట్టలేదో నాకు అంతుపట్టదు. మా దగ్గర సరుకుకు కొదవ లేదు. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు, నేలలోని వేడంతా రాత్రికి రాత్రే పైకి పోతుంది. తెల్లారేసరికి మాకు మిగిలేది ఆరేడు డిగ్రీలు. నల్లా తిప్పే పని ఎవరిదన్న విషయంలో కాపురాలు కూలే ప్రమాదం ఉంది.

అందుకని ఈసారి వెచ్చటి చోటికి, చవగ్గా, ఒంటరిగా వెళ్లొద్దామనుకున్నాను. వెచ్చదనానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. చవక అనగానే అందరూ మెచ్చుకున్నారు. పేచీ అంతా మూడో మాట దగ్గరే.

"ఒక్కలే ఎందుకు పోతున్నరు? నేనేమన్నా అన్ననా?" అంది ఇంటావిడ. ఏమీ అనలేదన్నాను. దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్: "నాన్నా, డాక్టరేమన్నా చెప్పిండా? దాచకు." పక్కింటి సారు గోడ మీద నుంచి గొంతు తగ్గించి, "ఇంట్ల ఏమన్నా గొడవైందా సార్?" అని పరామర్శించారు. బావమరిది మాత్రం ఇవేవీ అడగలేదు. కళ్లు మెరుస్తుండగా, "బ్యాంకాకా బావా?" అన్నాడు.

మన దగ్గర మనిషి ఒంటరిగా ఊరు దాటాలంటే కోర్టు వాయిదా అన్నా ఉండాలి, చావు కబురన్నా రావాలి. ఊరికే వెళ్లడమనే గడి ఏ ఫారంలోనూ లేదు. (ఇదే కోరిక ఇంటావిడ బయటపెట్టి ఉంటే ఇన్ని ప్రశ్నలు పుట్టేవి కావు. ప్రశ్నలు లేకుండానే "కుదరదు" అనేవాళ్లం.)

సరే, ఎక్కడికి? గోవా వెచ్చగానే ఉంటుంది కానీ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడి గదుల అద్దెలు విన్నాక ఆదిలాబాద్ చలి ముద్దొస్తుంది. అండమాన్‌కు రైలు లేదు. విమానం ఎక్కాలి, లేదా చెన్నైలో ఓడెక్కి దాదాపు మూడు రోజులు ఊగాలి. ఇక కేరళ ప్యాకేజీ. ఆ కరపత్రం చూశారా? తలసరి ధర మూడు గడుల్లో ఉంటుంది. ముగ్గురు ఒకే గదిలో సర్దుకుంటే చవక, ఇద్దరైతే కాస్త ఎక్కువ, ఒక్కరైతే గుండె పట్టుకోవాలి. మంచం ఇద్దరిది కాబట్టి రాని రెండోవాడి అద్దె కూడా వచ్చినవాడే కట్టాలట. ఎవరీ రెండోవాడు? పుట్టలేదు, రైలెక్కలేదు, పొద్దున ఇడ్లీ తినలేదు, సబ్బు అరగదీయలేదు. నా పింఛను మాత్రం నాతో సమానంగా ఖర్చుపెడుతున్నాడు. అంత డబ్బు పోస్తున్నప్పుడు, కనీసం ఆయన ఇడ్లీలు నాకు పెడతారా అని అడిగాను. పెట్టరట.

చివరికి రామేశ్వరం ఖాయం చేశాను. చుట్టూ సముద్రమే కాబట్టి రాత్రిపూట కూడా సాధారణంగా 20 డిగ్రీల కిందికి దిగదు. 2022 డిసెంబరులో పాత పంబన్ వంతెన మీద ఆగిపోయిన రైళ్లు, 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన తెరిచాక మళ్లీ ద్వీపం దాకా వెళ్తున్నాయి. ఇంటావిడ ఎక్కడి నుంచి పట్టుకొచ్చిందో, 1964 డిసెంబరులో అదే ద్వీపం కొసనున్న ధనుష్కోడిని తుపాను ఊడ్చేసి, ప్యాసింజర్ రైలును మనుషులతో సహా మింగేసిన సంగతి భోజనాల దగ్గర చదివి వినిపించింది. ఈశాన్య రుతుపవనాల కాలం కదా, ఆమెదీ న్యాయమే. అంచేత వానలు తెరిపినిచ్చే జనవరికి జరిగాను.

టికెట్ల దగ్గర ఒక మర్యాద జరిగింది, చెప్పుకోవాలి. పెద్దవాళ్లకిచ్చే రాయితీని రైల్వే 2020 మార్చిలో ఎత్తేసి మళ్లీ దించలేదు. రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60కి కుదించింది. అయినా 60 నిండిన మగవాడు ఒక్కడే వెళ్తుంటే, మహా అయితే అలాంటి ఇంకొకరితో వెళ్తుంటే, కింది బెర్తు కోటాలో అడగనిస్తుంది. ఈ దేశంలో ఒంటరివాణ్ని గుర్తించిన సంస్థ ఇదొక్కటే కనిపించింది.

ఆ గౌరవం బోగీ ఎక్కేదాకానే. అట్టపెట్టెలతో, పులిహోర డబ్బాలతో కుటుంబం దిగబడుతుంది. "అంకుల్, మీరు ఒక్కరే కదా, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు." మధ్య బెర్తుకు వెళ్తాం. "మీరు ఒక్కరే కదా, పిల్లలు విడివిడిగా పడ్డారు." పై బెర్తుకు ఎక్కుతాం. "మీరు ఒక్కరే కదా, మావాడు ఎస్-7లో ఉన్నాడు." సంచీ చంకనేసుకుని బోగీ మారతాం. అక్కడ మకరజ్యోతికి వెళ్లే స్వాములుంటారు. సంక్రాంతి దాకా దక్షిణాది రైళ్లు వాళ్లవే. నల్లబట్టలు లేకుండా, గడ్డం గీసుకుని, ఒంటరిగా కూర్చున్న మనిషిని చూసి, "మాల మధ్యలో తీసేశారా స్వామీ?" అని జాలిపడతారు.

రామేశ్వరంలో దిగాక ఇంకో చిక్కు. కాశీలాగే పితృకార్యాలకు పెట్టింది పేరు ఆ ఊరు. అగ్నితీర్థం ఒడ్డున ఒంటరి మగవాడు కనబడితే, గోత్రమేమిటి, తిథి ఎప్పుడు అని అడుగుతారే తప్ప, చలికి తట్టుకోలేక వచ్చాడని ఎవరనుకుంటారు? గుళ్లోకి వెళితే 22 తీర్థాలు. తెల్లవారుజామున, బావి తర్వాత బావి, నెత్తిన బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తారు. నల్లాకు భయపడి అంతదూరం వెళ్లినవాడికి అంతకన్నా ఏం కావాలి!

అన్నిటికీ సిద్ధపడి ఒక సత్రానికి ఫోన్ చేశాను. తెలుగువాళ్లదే, అద్దె తక్కువ.

"ఎంతమందండీ?"

"ఒక్కడినే."

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఒక్కరికి గది ఇవ్వమండీ."

ఎందుకివ్వరో నాకూ తెలుసు. పుణ్యక్షేత్రానికి ఒంటరిగా వచ్చి గడియ వేసుకున్నవాడు పొద్దున తలుపు తీస్తాడో లేదోనని సత్రాలవాళ్ల భయం. ఆ తర్వాత పోలీసులతో వేగాల్సింది వాళ్లే. నాకలాంటి ఉద్దేశం లేదని, రెండు పూటలా సుష్టుగా తింటానని, కావాలంటే గడియ కూడా వేసుకోనని చెప్పాను. ఇంత గట్టిగా చెప్పేసరికి ఆయనకు ఇంకా భయమేసినట్టుంది.

"రెండు ఆధార్ కార్డులుంటేనే గది అండీ" అని ఫోన్ పెట్టబోయి, మళ్లీ ఏదో గుర్తొచ్చి, "మీలాగే వరంగల్ నుంచి ఇంకో పెద్దాయన పొద్దుట్నుంచీ ఫోన్లు చేస్తున్నారు. ఆయనా ఒక్కరేనట. ఇద్దరూ మాట్లాడుకుని కలిసి వస్తే ఇస్తాం. అద్దె చెరి సగం" అన్నాడు.

చెరి సగం అన్న మాట చెవికి ఇంపుగా తగిలింది. ఆ పెద్దాయన నంబరు రాసుకుని, వెంటనే ఫోన్ కలిపాను. నమస్కారాలయ్యాయి. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, విషయం చెప్పాను. అంతా ఓపిగ్గా విని, ఆయన గొంతు తగ్గించారు.

"ఏమనుకోకుండ్రి సార్, ఇంట్ల ఏమన్నా గొడవైందా?"