మెట్ల జబ్బుకు మాత్ర

రక్తపోటు కొలిచే ముందు మనిషి అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోవాలనీ, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలనీ, అంతకు అరగంట ముందునుంచే కాఫీ, పొగ మానాలనీ వైద్య గ్రంథాలు చెబుతాయి. గ్రంథకర్తలకు తీరిక ఎక్కువ. అంత తీరిక లేని ఓపీ గదులూ ఉచిత వైద్య శిబిరాలూ ఈ శాస్త్రాన్ని చాలా చోట్ల సులభం చేసుకున్నాయి: రెండంతస్తులు ఎక్కి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టి, అందులోకి గాలి ఎక్కుతుండగా "ఉప్పు ఎక్కువ తింటారా, నిద్ర పడుతోందా" అని అడిగి, ఆయన జవాబు ముగించేలోగా అంకెనూ, ఆ అంకెకు తగిన మాత్రనూ చీటీ మీద రాసెయ్యడమే ఆ పద్ధతి. రోగి రెండో చేతిలో పాత రిపోర్టుల సంచీ బిగించి పట్టుకునే ఉంటాడు. దాన్ని కింద పెట్టమనడం మర్యాద కాదు కాబోలు.

రక్తపోటు కూడా మనిషి ఎత్తులాగా ఎప్పుడు కొలిచినా మారని అంకె అన్న గట్టి నమ్మకం మీద ఈ పద్ధతి నిలబడి ఉంది. దానికి అడ్డు తగులుతున్నది రోగి మెదడు ఒక్కటే. సైకిలు యంత్రం తొక్కడం మొదలుపెట్టిన మరుక్షణమే గుండె వేగమూ ఊపిరీ పెరగడాన్ని 1913లో కోపెన్‌హేగన్‌లో క్రోగ్, లిండ్‌హార్డ్ అనే శాస్త్రజ్ఞులు గమనించారు. కండరాల్లో పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి మెదడుకు చేరేంత వ్యవధి కూడా ఆ మధ్యలో లేదు. కాలిని కదలమని పై మెదడు ఉత్తర్వు జారీ చేసేటప్పుడే, దాని నకలు ఒకటి గుండెనూ రక్తనాళాలనూ నడిపే మెదడు కాండానికి కూడా వెళుతుందనీ, దీనికే కేంద్రీయ ఆజ్ఞ అని పేరనీ తరువాతి శాస్త్రజ్ఞులు వివరించారు. నకలు అందగానే గుండెకు కళ్లెం వేసి ఉంచే వేగస్ నాడి పట్టు సడలిస్తుంది, ఒకటి రెండు స్పందనల్లోనే గుండె వేగం అందుకుంటుంది. సహానుభూత నాడులు కాస్త ఆలస్యంగా వచ్చి రక్తనాళాలను బిగిస్తాయి. మందుతో ఒంటి కండరాలను పూర్తిగా స్తంభింపజేసుకుని, కదలాలని గట్టిగా ప్రయత్నించిన పరిశోధకులకు వేలైనా కదలలేదు గానీ రక్తపోటు మాత్రం పెరిగింది.

కండరం కూడా ఊరుకోదు. 1937లో కైరోలో ఆలమ్, స్మర్క్ అనే ఇద్దరు, శ్రమిస్తున్న అవయవానికి పట్టీ బిగించి రక్తప్రవాహాన్ని ఆపి చూశారు. పని మానేసిన తరువాత కూడా పట్టీ విప్పేదాకా రక్తపోటు దిగలేదు, ఎందుకంటే కండరంలో చిక్కుకుపోయిన రసాయనాలు నాడుల ద్వారా మెదడుకు ఫిర్యాదులు పంపుతూనే ఉన్నాయి. ఇక మెడలోని ధమనుల్లో, గుండె దగ్గరి మహాధమనిలో పీడనాన్ని కనిపెట్టి, అది పెరిగితే గుండెను నెమ్మదింపజేసే గ్రాహకాలు ఉన్నాయి కదా, అవేం చేస్తున్నాయని అడగవచ్చు. అవి విధుల్లోనే ఉంటాయి. శ్రమ సాగినంతసేపూ ఏది సరైన పీడనమన్న లెక్కనే మెదడు పైకి జరుపుతుంది గనుక, ఆ పెరిగిన అంకెనే అవి కాపలా కాస్తాయి.

పిడికిలి బిగింపు, బరువు మోత వంటి నిలకడ శ్రమలో పై అంకెతోపాటు కింది అంకె కూడా లేస్తుంది. 1985లో ప్రచురితమైన మెక్‌డూగల్ బృందం పరిశోధనలో, రెండు కాళ్లతో బరువు నెట్టిన కండల వీరుల్లో ఒకరికి ధమనిలోపలే కొలిచిన రక్తపోటు కాసేపు 480/350 దాటింది. ఆయన ఏ ఉచిత శిబిరానికైనా చిక్కి ఉంటే ఎన్ని మాత్రలు రాసి ఉండేవారో ఊహకు అందదు.

అధిక రక్తపోటు లక్షణాలు చూపకుండానే గుండెను, మూత్రపిండాలను దెబ్బతీసే నిజమైన జబ్బు, దానికి మాత్రలు వాడడం అవసరమే. కనుకనే దాన్ని వేరే రోజు మళ్లీ కొలిచి ఖరారు చేసుకోమంటారు. పైగా సులభ పద్ధతి రెండువైపులా పదునే: చాలాసేపు నడిచి ఆగినవారిలో, ముఖ్యంగా ఆ జబ్బు ఉన్నవారిలో, రక్తపోటు కొన్ని గంటలపాటు మామూలుకంటే తగ్గి ఉండవచ్చు గనుక, పొద్దున్నే నడక ముగించుకుని తిన్నగా శిబిరానికి వచ్చిన అసలు రోగి "అంతా నార్మల్" అనిపించుకుని సంతోషంగా ఇంటికి వెళ్లగలడు.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, గ్రంథాలు అడిగిన అయిదు నిమిషాల విశ్రాంతి ఓపీలో ఎప్పుడూ దొరుకుతూనే ఉంది. టోకెన్ తీసుకున్న మనిషి వరండాలోని బెంచీ మీద గోడకు వీపు ఆనించి గంటసేపు కూర్చునే ఉంటాడు. తన నంబరు వినబడగానే, వెనకాలవాడు ముందు దూరతాడేమోనన్న భయంతో సంచీ చంకన పెట్టుకుని గదిలోకి పరుగెత్తుతాడు, అప్పుడు కొలుస్తారు. మిషనును ఆ బెంచీ దగ్గరికి తీసుకుపోవడం ఇంతవరకూ ఎవరూ సాహసించని శస్త్రచికిత్స.