ఆగిందా సారూ?

గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే చాలు, పిల్లాజెల్లాతో లారీ ఎక్కి, ఎక్కడ ప్రాజెక్టు ఉంటే అక్కడ గుడిసె వేసుకోవడం పాలమూరు లేబర్ బతుకు. బిజినేపల్లి చౌరస్తాలో ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే పెద్దమ్మ కూడా అలా దేశం తిరిగిన మనిషే. ఆమె కొడుకు మాత్రం లారీ ఎక్కలేదు. విమానం ఎక్కి ఇజ్రాయెల్ వెళ్ళాడు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగాక ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. తెల్లవారకముందే చెక్‌పోస్టుల దగ్గర వరుస కట్టి, అవతలి వైపు గోడలు లేపి, టైల్స్ పరిచి, పొద్దుగూకాక ఇల్లు చేరేవాళ్ళు లక్షమందికి పైగా పని పోగొట్టుకున్నారు. సగం లేచిన ఇళ్ళు అలాగే నిలబడిపోయాయి. వాటిని పూర్తి చేయడానికి మన దేశం నుంచి మేస్త్రీలను పిలిచారు. షట్టరింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులకు 2024లో హైదరాబాద్‌లోనూ పరీక్షలు పెట్టారు. జీతం నెలకు లక్ష దాటుతుంది. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు నెత్తిన ఉన్న ఇంటికి అది ఎంత పెద్ద మాటో మా వైపు పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మనవాళ్ళు అటు పోతే ఇక్కడి పనికి ఇంకెవరో రావాలి. 2025 ఫిబ్రవరి 22న మా జిల్లాలోనే దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోతే, వాళ్ళలో తెలంగాణ మనిషి ఒక్కడూ లేడు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్ళే అందరూ. ఆ రోజుల్లో వాళ్ళ గురించి కూడా పెద్దమ్మ అడిగేది. దొరికిన్రా అని.

గాజా యుద్ధం గురించి అయితే నేను పేపరుతో కనిపించినప్పుడల్లా అడిగేది. "ఆగుతదా సారూ?"

నాకు తెలిసింది చెప్పేవాణ్ణి. కాల్పుల విరమణ కావాలని 2023 డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితిలో 153 దేశాలు ఓటేశాయని, వాటిలో మన దేశమూ ఉందని చెప్పాను. 2025 సెప్టెంబరు 12న, ఇజ్రాయెల్ పక్కన పాలస్తీనా కూడా దేశంగా నిలవాలన్న ప్రకటనకు చేయెత్తిన 142 దేశాల్లో మనమూ ఉన్నామని చెప్పాను. అన్నీ శ్రద్ధగా వినేది. పల్లికాయ పొట్లం కట్టి చేతికిస్తూ మళ్ళీ అదే మాట. "మరి ఆగుతదా?"

తల్లి ప్రాణం కదా అనుకున్నాను. అదే ఏడాది జూన్‌లో ఇరాన్ క్షిపణులు టెల్ అవీవ్ మీద పడ్డప్పుడు కొడుకు ఫోను కలవక ఆమె తిండి మానేసింది. నంది వడ్డెమాన్ వెళ్ళి శనేశ్వరుడికి నువ్వుల నూనె పోసి వచ్చాకే కాస్త గంజి తాగింది. ఆమెకు ఒక మంచి కబురు చెప్పే రోజు రావాలని మనసారా కోరుకున్నాను.

వచ్చింది. అక్టోబరు 10న గాజాలో కాల్పుల విరమణ మొదలైంది. 13న ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో దేశాల అధినేతలు కూర్చున్నారు. మన తరఫున విదేశాంగ సహాయ మంత్రి కీర్తివర్ధన్ సింగ్ వెళ్ళారు. పేపరు పట్టుకుని చౌరస్తాకు పరుగులాంటి నడక నడిచాను.

"పెద్దమ్మా, ఆగింది!"

ఆమె చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

"మొత్తానికే ఆగినట్టేనా సారూ?"

"ఆగినట్టే. ఇంక నీ కొడుక్కు భయం లేదు."

"మంచిగైంది. టీవీల ఆ పసిపోరగాండ్లను జూస్తే నాకు బువ్వ దిగకపోతుండె." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మరి ముందుగాల ఆ పని జేసినోళ్ళు మళ్ళ పనికొస్తరు గద. మావోన్ని ఎల్లగొడ్తరా? ఇంకొక్క ఏడాది నడిస్తే అప్పు తీరుతుండె సారూ."

ఇన్నాళ్ళూ ఆమె అడిగింది దీని కోసం కూడానని అప్పుడు తెలిసింది. నేను ఆమెను తప్పుపట్టలేను. కొడుకు ప్రాణమూ అప్పూ రెండూ ఆ ఒక్క యుద్ధానికే ముడిపడి ఉన్న తల్లి ఆమె.

ఆ కాల్పుల విరమణకు ఆధారమైన శాంతి ప్రణాళికలో 20 అంశాలున్నాయి. నవంబరు 17న భద్రతా మండలి 13 ఓట్లతో దాన్ని సమర్థించింది. పర్మిట్లు పోయిన వెస్ట్ బ్యాంక్ కూలీల ఊసు ఆ ఇరవైలో ఒక్కదానిలోనూ లేదు. పెద్దమ్మ భయపడ్డట్టు వాళ్ళు తిరిగి రాలేదు. ఆ ఏడాది చివరిదాకా వాళ్ళలో అత్యధికులకు పర్మిట్లు ఇవ్వలేదు. ఆమె కొడుకు పని పోలేదు.