తలా రెండు పైసలు

మన ముఖ్యమంత్రులు ఢిల్లీ వెళ్తుంటారు. ఏ పార్టీవారైనా కార్యక్రమం ఒకటే. శాలువా, జ్ఞాపిక, వినతిపత్రం, ఫొటో. కేంద్రం సానుకూలంగా స్పందించిందని మర్నాడు పేపర్లో వస్తుంది. ఈ సానుకూల స్పందనల్ని టీఎంసీల్లో కొలిచే వీలుంటే పోలవరం ఈపాటికి నిండి పొర్లేది.

రాజ్యాంగమే వాటా ఇచ్చాక అడుక్కోవడమెందుకు అంటారా? ఇచ్చిన మాట నిజమే. కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచమని పదిహేనో ఆర్థిక సంఘం చెప్పింది, కేంద్రం శిరసావహించింది. కాకపోతే 270వ అధికరణంలో చిన్న వెసులుబాటుంది. సెస్సులు, సర్‌చార్జీలు ఎవరికీ పంచక్కర్లేదు. మన పెద్దలు రాజ్యాంగాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తారు, ముఖ్యంగా ఈ అక్షరాన్ని.

పెట్రోలు సంగతే చూడండి. 2022 మేలో కేంద్రం ఎంతో దయతో తగ్గించాక లీటరుకు సుంకం 19 రూపాయల 90 పైసలైంది. అందులో ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, రోడ్ల సెస్సు 5, రైతు పేరు చెప్పి రెండున్నర. ఇవేవీ పంపకంలోకి రావు. వచ్చేది అసలు ఎక్సైజ్ సుంకం, రూపాయి నలభై పైసలు. అందులో 41 శాతమంటే 57 పైసలు. దాన్ని 28 రాష్ట్రాలు పంచుకోవాలి. సగటున తలా రెండు పైసలు! చిల్లర లేకపోతే చాక్లెట్ ఇస్తారేమో.

2025 ఏప్రిల్లో ఇంకో రెండు రూపాయలు పెంచారు. పంపకాల గొడవ వస్తుందని కంగారు పడకండి. అదీ పంచక్కర్లేని పద్దులోనే వేశారు.

రాష్ట్రాల మీద జాలిపడబోతున్నవారు కాస్త ఆగాలి. పెద్దాయన విద్య వీళ్ళకీ పట్టుబడింది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, పైన 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఆ రోడ్లెక్కడ అని మాత్రం అడక్కండి, అది వేరే కాలమ్ అవుతుంది.

అసలు వింత ఏమిటంటే, ఢిల్లీలో సమాఖ్య స్ఫూర్తి కోసం గొంతు చించుకున్న నాయకుడు గన్నవరంలోనో శంషాబాద్‌లోనో విమానం దిగేసరికి తానే కేంద్రమైపోతాడు. పంచాయతీలకు అధికారాలు, నిధులు ఇమ్మని 73వ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. వినతిపత్రం పట్టుకుని ఎమ్మెల్యే గుమ్మంలో నిలబడటం ఇప్పుడు సర్పంచి వంతు. అక్కడా సానుకూల స్పందనకు లోటుండదు.

పంచాయతీల గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని అదే రాజ్యాంగం రాసుకుంది. తెలంగాణలో గడువు 2024 ఫిబ్రవరిలో తీరితే ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. అందాకా ప్రత్యేకాధికారులు ఏలారు. అప్పు తెచ్చి ఊళ్ళో పనులు చేయించిన పాత సర్పంచులు బిల్లుల కోసం రోడ్డెక్కారు.

ఈసారి మీ ఊరి సభలో ఏ మంత్రిగారైనా కేంద్రం వివక్ష చూపుతోందని మైకు పగలగొడితే, నిస్సందేహంగా చప్పట్లు కొట్టండి. ఆయన చెప్పేది నిజమే. కొట్టాక వేదిక చివరి కుర్చీలో కూర్చున్న సర్పంచిగారిని కూడా ఒక మాట అడగండి, బిల్లు వచ్చిందా అని.