గాల్లోంచి వచ్చే ప్రశ్నపత్రం

(ఆదివారం సాయంత్రం. హైదరాబాదులో ఒక ఫ్లాటు. డైనింగ్ టేబులు మీద బ్రెడ్‌బోర్డు, ఆర్డుయినో ఊనో, నాలుగు రంగుల ఎల్ఈడీలు, నాలుగు బటన్లు, ఒక బజరు.)

నాన్న: ఏంట్రా ఈ తీగలు? సెట్‌టాప్ బాక్సు విప్పేశావా?

అబ్బాయి: ఆట నాన్నా. లైట్లు ఏ వరసలో వెలిగితే ఆ వరసలోనే బటన్లు నొక్కాలి. గెలిచిన కొద్దీ వరసలో ఒక్కో లైటు పెరుగుతుంది. 1978లో అమెరికాలో ‘సైమన్’ పేరుతో వచ్చింది. రాల్ఫ్ బేర్, హోవర్డ్ మారిసన్ చేశారు.

నాన్న: వాళ్ళు చేసేశారుగా, మళ్ళీ నువ్వెందుకు? అమీర్‌పేటలో డబ్బులు పారేస్తే రిపోర్టుతో సహా చేతిలో పెడతారు.

కోచింగ్ సారు: (టీ ఊదుకుంటూ) అలా తీసిపారేయకండి. జ్ఞాపకశక్తి మా సబ్జెక్టే. దీని మెమరీ ఎంత బాబూ?

అబ్బాయి: ఆడుతున్నప్పుడు వాడుకునేది రెండు కిలోబైట్లు సార్. పవరు తీస్తే అదంతా మర్చిపోతుంది.

సారు: పరీక్ష రాసొచ్చాక మా పిల్లలూ అంతే. స్టాండర్డు బావుంది.

నాన్న: (బటన్ నొక్కి) ఒక్కసారి నొక్కితే మూడుసార్లంటోందేంట్రా?

అబ్బాయి: లోపలి రేకు తగలగానే కుదురుగా ఉండదు నాన్నా, రవ్వంతసేపు ఎగిరెగిరి పడుతుంది. కాస్త ఆగి చూడమని ప్రోగ్రాములో రాయాలి. ఇంకో సంగతి, నేను కలిపిన పద్ధతిలో బటన్ నొక్కితే సున్నా, ఊరికే ఉంటే ఒకటి.

నాన్న: అచ్చం మా ఆఫీసే.

(సారు ఆడతారు. ఎరుపు, పచ్చ, పచ్చ, నీలం... అయిదో లైటు దగ్గర అవుట్. ఆపి, మళ్ళీ ఆన్ చేస్తారు.)

సారు: ఇదేంటి, మళ్ళీ అదే వరస!

అబ్బాయి: అది నా తప్పే సార్. ర్యాండమ్ అని రాసినా చిప్పు చీటీలు తీయదు. ఒక అంకె నుంచి మొదలెట్టి లెక్క కట్టుకుంటూ పోతుంది. ఆ మొదటి అంకె మనం మార్చకపోతే, ఆన్ చేసిన ప్రతిసారీ పాత పాటే.

సారు: తప్పేంటయ్యా! ఇంపార్టెంట్ క్వశ్చన్స్ అంటే ఇవే. పాతికేళ్ళుగా వీటి మీదే బతుకుతున్నాను.

అబ్బాయి: ఇప్పుడు సరిచేశాను సార్. ఈ ఏ-జీరో పిన్ను దేనికీ కలపకుండా గాల్లో వదిలేశాను. చుట్టూ ఉన్న కరెంటు రొదని పట్టి, ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. అదే మొదటి అంకె. గ్రౌండుకి కలిపితే మాత్రం ఎప్పుడూ సున్నానే, మళ్ళీ పాత వరసే.

(సారు మళ్ళీ ఆడతారు. ఎరుపు నొక్కుతారు. వెలిగింది నీలం. అవుట్.)

సారు: ఇది సిలబస్‌లో లేదు!

తాతయ్య: ఏదీ, ఇటివ్వరా. (కళ్ళు మూసుకుని తొమ్మిది లైట్ల దాకా వెళ్తారు.)

నాన్న: నాన్నగారూ, చూడకుండానా!

తాతయ్య: లైటు లైటుకీ ఒక్కో స్వరం పెట్టాడు కదరా మనవడు. అష్టావధానంలో ఘంటాగణనం ఇలాంటిదే. పద్యాల మధ్య మధ్యలో గంట కొడతారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. చిన్నప్పుడు సభలో కూర్చుని నేనూ వేళ్ళు మడుచుకునేవాణ్ణి. గంట ఎప్పుడు మోగుతుందో ముందే చెప్పేస్తే ఇక అవధానమేముంది?

సారు: ఆ లెక్కన ర్యాంకులు రావండీ.

(ఓ జంపర్ తీగ తీసి, ఒక కొస ఏ-జీరోలో, రెండో కొస గ్రౌండులో గుచ్చుతారు. ఆపి, ఆన్ చేస్తారు. ఎరుపు, పచ్చ, పచ్చ, నీలం... ఈసారి తప్పినప్పుడల్లా ఆపి, మళ్ళీ మొదలెడతారు. పావుగంటలో పన్నెండు లైట్లు.)

నాన్న: (చప్పట్లు కొడుతూ) చూశావుట్రా, అనుభవమంటే!

అబ్బాయి: నాన్నా, సార్ అక్కడ తీగ గుచ్చారు.

సారు: తీగ అనకూడదు బాబూ. దాన్ని కోచింగ్ అంటారు.

నాన్న: ఫీజు ఎంతండీ?