బ్రహ్మముహూర్తం: హాస్టల్ ఫీజు అదనం

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలకు ఋషుల మీద ఉన్న భక్తి అంతా ఇంతా కాదు. కాకపోతే ఆ భక్తి తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలై ఐదింటికి అయిపోతుంది. ఆ అరగంటలోనే వార్డెన్ ఈల వేయాలి, ఫ్లోర్ ఇన్‌ఛార్జి దుప్పట్లు లాగాలి, పదహారేళ్ల పిల్లలు మొహాన నీళ్లు కొట్టుకుని స్టడీ అవర్‌లో కూలబడాలి. ఎందుకండీ ఇంత పొద్దున్నే అని ఏ తండ్రయినా అడిగితే డీన్ గారి దగ్గర జవాబు సిద్ధం. "బ్రహ్మముహూర్తం సార్! ఆ టైంలో చదివింది బుర్రలో నాటుకుపోతుంది. పెద్దలు ఊరికే అన్నారా?"

ఊరికే అనలేదు. కానీ ఆ పెద్దలు రాత్రి పదిన్నర దాకా ట్యూబ్‌లైటు కింద ఆర్గానిక్ కెమిస్ట్రీ చేయలేదు. పొద్దు గూకగానే ఇంత తిని పడుకున్నారు. లేచే వేళను ఋషుల దగ్గర, పడుకునే వేళను కాల్‌సెంటర్ల దగ్గర అరువు తెచ్చుకున్న ఘనత మాత్రం అచ్చంగా మన విద్యావ్యాపారానిదే.

ఈ వ్యాపారానికి అడ్డొచ్చింది ఒక ఈగ. 1971లో కాలిఫోర్నియాలో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ పండ్ల ఈగల్లో ఒక విచిత్రం చూశారు. ఒక్క జన్యువు చెడితే కొన్ని ఈగలకు రోజు 19 గంటలే, కొన్నిటికి 28 గంటలు, ఇంకొన్నిటికి పగలూ రాత్రీ లెక్కే లేదు. ఆ జన్యువు పేరు పీరియడ్. అది చేయించే ప్రొటీన్ రాత్రంతా పేరుకుని, చివరికి తనను పుట్టించిన జన్యువు నోరే మూయిస్తుంది. ప్రొటీన్ కరిగిపోయాక మళ్లీ మొదలు. ఈ చుట్టుకు సుమారు 24 గంటలు. దాని గుట్టు విప్పినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

ఇలాంటి గడియారమే మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. తెల్లరక్తకణాలూ దాన్ని చూసే డ్యూటీ ఎక్కుతాయి, దిగుతాయి. ఎలుకల్లో క్రిములను పసిగట్టే టీఎల్ఆర్9 అనే గ్రాహకం వేళను బట్టి హెచ్చుతగ్గులవుతుందనీ, అది హెచ్చుగా ఉన్నప్పుడు వేసిన టీకా బాగా పట్టిందనీ 2012లో యేల్ శాస్త్రవేత్తలు తేల్చారు. రోగనిరోధక వ్యవస్థకు కూడా షిఫ్టులున్నాయన్నమాట. లేనిది మన ఇంటర్ పిల్లలకే.

పైగా టీనేజీలో ఈ గడియారం ఒకటి రెండు గంటలు ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి పది దాటినా కునుకు రాకపోవడం, పొద్దున ఎంత లేపినా లేవకపోవడం ఆ వయసు శరీరధర్మం. మనింట్లో దానికి బద్ధకం అని పేరు. కాలిఫోర్నియా వాళ్లు మాత్రం 2019లో చట్టమే చేశారు: గ్రామీణ జిల్లాలు మినహా హైస్కూలు 8.30కు ముందు మొదలుపెట్టకూడదని. ఆ వేళకు మనవాడు రెండు గంటలకు పైగా చదివి, ఉప్మా ప్లేటు ముందు కూర్చునే కునుకు తీస్తుంటాడు.

ఇక ఆదివారం ఔటింగ్ చూడాలి. గేటు బయట అమ్మానాన్నలు, సంచుల్లో చ్యవన్‌ప్రాశ్, బాదంపప్పు, ఇమ్యూనిటీ అని పెద్ద అక్షరాలున్న గమ్మీల డబ్బా. "నెలకోసారి జ్వరమంటున్నావు కదా నాన్నా, రోజూ ఒక చెంచా మర్చిపోకు." చెంచా సంగతి చెప్పిన నోటితోనే అడ్మిషన్ రోజున "ఎన్ని గంటలు చదివిస్తారండీ?" అని అడిగారు. ఎన్ని గంటలు పడుకోనిస్తారని అడిగితే పీఆర్వో కూడా బిత్తరపోయేవాడు.

చెంచాతో తీరే లోటు కాదిది. 2015లో అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఆరు గంటలలోపు నిద్రపోయేవాళ్లకు, ఏడు గంటలు దాటి పడుకునేవాళ్లకంటే జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు. అంతకుముందు 2002లో షికాగోలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను కొన్ని రోజులు నాలుగు గంటలే పడుకోనిచ్చి ఫ్లూ టీకా వేస్తే, పదో రోజుకు వాళ్లలో పుట్టిన యాంటీబాడీలు మిగతావాళ్లలో సగం కూడా లేవు. తర్వాత కంటినిండా నిద్రపోనిచ్చారు, మూడు నాలుగు వారాలకు తేడా పోయింది. ఆ కుర్రాళ్లు అదృష్టవంతులు, వీకెండ్ టెస్టు లేదు.

మన హాస్టళ్లలో సిక్ రూమ్ ఎప్పుడూ కిటకిటలాడుతుంటే ఆశ్చర్యమేముంది? నిబంధనల ప్రకారం పగటిపూట నిద్రపోగల చోటు అదొక్కటే.

ఇదంతా బైపీసీ పిల్లలకు తెలియదనుకునేరు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పీనియల్ గ్రంథి దగ్గర ఒక చిన్న పేరా ఉంది. నిద్రా మెలకువల లయలోనూ, ఒంటి వేడిలోనూ, రోగాన్ని తట్టుకునే శక్తిలోనూ మెలటోనిన్ హస్తముందని అందులో రాశారు. నీట్‌కు ముఖ్యం కాబట్టి లెక్చరర్ దానికింద గీత గీయించి, ఐదింటి స్టడీ అవర్‌లో బట్టీ పట్టిస్తాడు. తూలుతూ తప్పు ఆప్షన్ దిద్దినవాడికి ఒక మార్కు మైనస్, దాని మీద పనిష్మెంటు: ఆ రాత్రి ఇంకో గంట స్టడీ.